బాపు విన్న జురాసిక్ పార్క్

మా నాన్నను మేం బాపు అనేవాళ్ళం. బాపు సంవత్సరీకం రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దవాళ్ళంతా వేపచెట్టు కింద చాపలు వేసుకుని కూర్చున్నారు. లోపలి గదిలో పిల్లలు టీవీ పెట్టుకున్నారు. ఎవరో బాపు రాత్రి డ్యూటీల గురించి చెబుతుండగా లోపల్నుంచి ఒక అరుపు వినిపించింది. సన్నగా మొదలై, చివరికి వచ్చేసరికి గుండెల్లో దిగబడే గర్జన అయిపోయే అరుపు. టీవీ వైపు చూడకుండానే ఏ సినిమానో తెలిసిపోయింది.

"జర ఆ సౌండు తగ్గియ్యుండ్రిరా, ఇయ్యాల ఏం రోజు?" అని మేనత్త లోపలికి కేకేసింది.

"ఉండనియ్యి వదినె, ఆయనకు ఇష్టమైన సినిమానే గదా" అంది అమ్మ.

అమ్మ చెప్పింది నిజమే. కాకపోతే ఆ సినిమా చూడకముందే బాపు ఆ కథ మొత్తం విన్నాడు. డైనోసార్లను మళ్ళీ పుట్టించి పార్కు పెట్టిన ఆ కథను మైకేల్ క్రైటన్ నవలలో చదివి చెప్పింది నేను. విన్న కథకూ తెర మీద చూసిన కథకూ తేడా ఎక్కడుందో బాపు పట్టుకున్నట్టు నేను చదివిన సమీక్షకులెవరూ పట్టుకోలేదు. ఆ మధ్యాహ్నం నుంచి అవన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొస్తున్నాయి.

*

మాది బొగ్గు బాయిల ఊరు. మా ఇంట్లో గడియారం ఉన్నా ఎవరం చూసేవాళ్ళం కాదు. షిఫ్టు సైరన్ మోగితే బడికి, సైరన్ మోగితే అన్నానికి, సైరన్ మోగితే పడకకి. తెల్లవారుజామున క్వార్టర్ల ముందు ప్రతి ఇంటి వాకిట్లో బొగ్గుల పొయ్యి అంటించేవారు. పొగ వీధి పొడవునా నడుమెత్తున నిలబడేది. ఆ పొగలోంచి బూట్ల చప్పుడు వినిపించేది, మనుషులు తర్వాత కనిపించేవాళ్ళు. గ్యాస్ వచ్చాక ఆ పొగ పోయింది. దాంతోపాటు పొయ్యి దగ్గర ఆడవాళ్ళ పొద్దుటి ముచ్చట్లూ పోయాయి.

బాపు టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైనున్న రాయి కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. దుంగ పెట్టే ముందు కర్రతో రూఫ్‌ను కొట్టి చూడాలి. గట్టిగా ఉంటే గణగణమంటుంది, పైన పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. బాపుకి ఆ అలవాటు బయట కూడా పోలేదు. సంతలో కడవ కొన్నా, కొత్త బీరువా కొన్నా ముందు వేలితో కొట్టి చెవి పెట్టేవాడు.

నేను సద్ది ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా నాకు అన్నిటికంటే వింతగా కనిపించింది ల్యాంప్ రూమ్. బాయిలోకి దిగేవాళ్ళు తమ నంబరు బిళ్ళ అక్కడిచ్చి ల్యాంపు తీసుకుంటారు. పైకొచ్చాక ల్యాంపు ఇచ్చి బిళ్ళ తీసుకుంటారు. షిఫ్టు అయ్యాక కొక్కేనికి బిళ్ళ వేలాడుతూ ఉందంటే, ఆ బిళ్ళ మనిషి ఇంకా కిందనే ఉన్నాడన్నమాట. అక్కడ పనిచేసే పెద్దాయన వేలుతో ఒక్కో వరస తడుముతూ లెక్కపెట్టేవాడు. ఆయన లెక్కపెట్టేటప్పుడు ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఇంటికెళ్ళే తొందర ఎంత ఉన్నా సరే.

మా కిటికీ గూట్లో ఒక నల్లరాతి పలక ఉండేది. బాపు బాయిలోంచి తెచ్చాడు. దాని మీద నాలుకలా పొడవైన ఆకు అచ్చు. నడిమి ఈనె, దానికి రెండు పక్కలా వలలా అల్లుకున్న సన్నటి ఈనెలు. "ఇది బొగ్గు కాకముందటి చెట్టు బిడ్డా" అనేవాడు. అది గ్లోసోప్టెరిస్ అని, ఆ ఆకు రాలి పాతిక కోట్ల ఏళ్ళు దాటిందని, అప్పటికి భూమ్మీద డైనోసార్లు ఇంకా పుట్టనే లేదని నాకు కాలేజీకి వెళ్ళాకే తెలిసింది. మేమేమో దాన్ని కరెంటు బిల్లులు ఎగిరిపోకుండా పెట్టుకున్నాం.

*

అమ్మమ్మ వాళ్ళది ప్రాణహిత ఒడ్డున ఊరు. ఎండాకాలం సెలవుల్లో నది సన్నబడి, మధ్యలో ఇసుక మేటల మీద పుచ్చకాయ తోటలు వేసేవాళ్ళు. రాత్రి అవతలి ఒడ్డున సిరొంచ వైపు దీపాలు కనిపించేవి. అటు చూపించి అమ్మమ్మ రాక్షసి బొక్కల కథ చెప్పేది. తను వయసులో ఉన్నప్పుడు కలకత్తా నుంచి చదువుకున్న పిల్లలు వచ్చి, డేరాలు వేసుకుని, చేన్లలో మనిషంత బొక్కలు తవ్వి తీసుకుపోయారని. ఆ బొక్కల మనిషి ఎంత పెద్దవాడో అని ఊరంతా అనుకున్నారని.

మేం కథనే అనుకున్నాం. అది జరిగిందే. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు సిరొంచ దగ్గర పోచంపల్లి చేన్లలో తవ్వి సుమారు 300 ఎముకలు బయటికి తీశారు. ఒక తొడ ఎముకే 1.7 మీటర్లు. పెద్ద కాలున్నది కాబట్టి బరాపాసారస్ అన్నారు. 1961లో రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి జరుగుతోంది కాబట్టి పక్కన టాగోరై అని చేర్చారు. దాని తల మాత్రం దొరకలేదు. ఆ ఎముకలున్న రాతి పొరలకు ప్రాణహిత పక్కనున్న కోట అనే పల్లె పేరే ఉంది. జురాసిక్ కాలం నాటి పొరలు.

సినిమా పేరు జురాసిక్ పార్క్ అయినా, అందులో అందరికీ గుర్తుండిపోయిన వేట డైనోసార్లు టి. రెక్స్, రాప్టర్లు ఆ తర్వాతి క్రెటేషియస్ కాలం జంతువులు. అసలు సిసలు జురాసిక్ జంతువు మా అమ్మమ్మ చూపించిన ఒడ్డున పడుకుని ఉంది. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

*

డిగ్రీకి హైదరాబాద్ వచ్చాను. లెక్కలు, స్టాటిస్టిక్స్. ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలన్నీ మూసి ఉంటే, వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచేవాళ్ళు. ఎండకు అట్టలు వంకర పోయేవి. అమ్మేవాళ్ళు మోదుగాకు కట్టల పక్కన కూర్చున్నట్టే పుస్తకాల పక్కన కూర్చుని, పేరు చూడకుండా మందం చూసి ధర చెప్పేవాళ్ళు. అక్కడ దొరికింది ఆ నవల. తెల్ల అట్ట మీద నల్లటి అస్థిపంజరం. తర్వాత సినిమా గుర్తు కూడా ఆ బొమ్మలోంచే వచ్చింది.

నవల 1990లో వచ్చింది, సినిమా 1993లో. మా దాకా వచ్చేసరికి ఇంకా ఆలస్యం. హాస్టల్లో గదుల దీపాలు ఆర్పేశాక వరండా బల్బు కింద కూర్చుని చదివాను. డైనోసార్ల కథ అనుకుని మొదలుపెడితే మొదటి పేజీల్లో డైనోసార్లే లేవు. జన్యు పరిశోధన విశ్వవిద్యాలయాల చేతుల్లోంచి కంపెనీల చేతుల్లోకి ఎలా పోయిందో, పర్యవేక్షణ ఎందుకు లేదో చెప్పుకొచ్చాడు. తర్వాత కోస్టారికాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రి. వానలో హెలికాప్టర్లో ఒక కుర్ర కూలీని తీసుకొస్తారు. మట్టి తవ్వే యంత్రం తగిలిందని చెబుతారు. గాయాలు చూసిన డాక్టరమ్మకు అది యంత్రం పని కాదని అర్థమవుతుంది. కుర్రాడు చనిపోతాడు. ఆ రాత్రి ఆ అధ్యాయం దగ్గరే పుస్తకం మూసేశాను. మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి పని బట్టలతో ఆసుపత్రికి వచ్చే మనిషి గురించి చదవడం తేలిక కాదు.

నవల నిండా పట్టికలు, గ్రాఫులు, కంప్యూటర్ తెర మీద వచ్చే అక్షరాలు. కథ ముందుకు పోయే కొద్దీ మడతలు పెరిగే, ఒకే ఆకారం మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక ఫ్రాక్టల్ గీత. దాన్ని నా గ్రాఫు పుస్తకంలో దించుకున్నాను. ఒకచోట చిన్న డైనోసార్ల ఎత్తుల గ్రాఫు ఉంటుంది. నడుమ ఎత్తుగా, రెండు పక్కలా వాలుగా. మేం రోజూ క్లాసులో గీసే గీతే. పార్కువాళ్ళు అంతా సవ్యంగా ఉందనుకుంటారు. గణిత శాస్త్రవేత్త ఇయాన్ మాల్కమ్ ఒక్కడే అడ్డం తిరుగుతాడు. ఆ జంతువుల్ని ఆరు నెలల తేడాతో మూడు విడతలుగా వదిలారు కదా, అలాంటప్పుడు గ్రాఫులో మూడు గుట్టలు ఉండాలి కదా? ఒక్కటే గుట్ట ఉందంటే అవి బయట వాటంతటవే పిల్లల్ని పెడుతున్నట్టు.

నేను నేర్చుకుంటున్న పాఠం ఒక నవలలో మనుషుల ప్రాణాల మీదికి వచ్చేంత ముఖ్యమవుతుందని అప్పటిదాకా అనుకోలేదు. సినిమాలో ఆ గ్రాఫు లేదు. దాని బదులు డైనోసార్ల ఎముకలు తవ్వే డాక్టర్ గ్రాంట్ చెట్టు మొదట్లో పగిలిన గుడ్ల పెంకులు చూస్తాడు, అంతే. చూసేవాళ్ళకి ఒక్క క్షణంలో అర్థమవుతుంది. తెలివైన మార్పే. అయినా నా గ్రాఫు పోయిందన్న బాధ నాకుంది.

*

ఆ ఎండాకాలం ఇంటికెళ్ళి బాపుకి కథ చెప్పాను. రెండో షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేసి, అన్నం తిని, వాకిట్లో నులక మంచం మీద వాలేవాడు. నేను పక్కన చాప మీద. దూరంగా బొగ్గు తొట్లు లాగే హాలేజీ చప్పుడు, అప్పుడప్పుడు బొగ్గు వ్యాగన్లు కదిలిన చప్పుడు. రాత్రికి కొంత చొప్పున చెప్పేదాన్ని. బాపు కళ్ళు మూసుకుని వినేవాడు. నిద్రపోయాడనుకుని ఆపితే, "ఆఁ, ఆ తర్వాత?" అనేవాడు.

లెక్కల ఘట్టం దగ్గర మాత్రం లేచి కూర్చున్నాడు.

"ఆగు బిడ్డా. పార్కుల ఎన్నున్నయో రోజూ కంప్యూటరే లెక్కపెడ్తదంటివి. ఎన్ని ఉండాలెనో దానికి ముందే చెప్పిండ్రా?"

"చెప్పిండ్రు బాపూ. 238."

"238 దొరకంగనె లెక్క బంద్ జేస్తదా?"

"చేస్తది. తక్కువైతెనే మొత్తుకుంటది."

"ఎక్కువైతె?"

ఆ ప్రశ్న నవలలో మాల్కమ్ అడుగుతాడు. వెతకాల్సిన అంకె పెంచి చూడమంటాడు. పెంచితే దొరుకుతాయి. ఇంకా పెంచితే ఇంకా దొరుకుతాయి. చివరికి తేలింది 292. రాప్టర్లు 8 ఉన్నాయనుకుంటే 37 ఉన్నాయి. ఆ పేజీకి నేనింకా రాలేదు. బాపు నా కంటే ముందే అక్కడికి వెళ్ళిపోయాడు.

"అన్నీ ఆడవే అని నమ్మిండ్రు బాపూ. పిల్లలు పుట్టయ్ అనుకున్నరు."

"అనుకునుడుకు, లెక్కకు సంబంధమేంది? మా ల్యాంప్ రూమ్ ఆయన అందరు వచ్చిండ్రనుకొని ఇంటికి పోతడా? బిళ్ళ లేకుంట ఒక్కడు ఎక్కువ దిగినా ఆయనకు తెల్వాలె."

ఆ రాత్రి ఇంకేం చెప్పనివ్వలేదు. ఆ 238 దగ్గరే చాలాసేపు ఉన్నాడు. అమ్మ లోపల్నుంచి "పండుకోనియ్యి పిల్లను" అని కేకేసేదాకా.

ఇంకో ఘట్టం కూడా మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. అంతా అయిపోయాక, బతికి బయటపడ్డవాళ్ళు హాయిగా హెలికాప్టర్ ఎక్కొచ్చు. గ్రాంట్ ఒప్పుకోడు. రాప్టర్ల గూడు ఎక్కడుందో వెతికి, ఎన్ని గుడ్లు పొదిగాయో లెక్కపెట్టి తీరాలంటాడు. పెట్టుబడిదారుల తరఫున వచ్చిన లాయర్ జెన్నారో వెనకాడితే, ఇందులో నీకూ బాధ్యత ఉందని లాక్కుపోతాడు. నేల కింది చీకట్లోకి, దీపాలు పట్టుకుని, రాప్టర్ల మధ్యకి దిగి లెక్కపెడతారు. సినిమాలో ఇది పూర్తిగా లేదు. బాపుకి ఈ నవల మీద గౌరవం కలిగింది ఇక్కడే. "లెక్క తేల్చకుంట పైకి రావద్దు, అంతే" అన్నాడు.

*

సినిమా మా ఊరికి హిందీలో వచ్చింది. బాపుకి హిందీ బాగానే వచ్చు. బాయిలో ఉత్తరాది వాళ్ళతో కలిసి పనిచేసినవాడు. బాపు, తమ్ముడు, నేను ఫస్ట్ షోకి వెళ్ళాం. హాలు కిక్కిరిసి ఉంది. షిఫ్టు నుంచి నేరుగా వచ్చినవాళ్ళ కళ్ళ చుట్టూ కాటుకలా బొగ్గు మసి ఉంది.

మొదట్లోనే చీకట్లో బోను, ఒక పనివాణ్ణి లోపలి జంతువు లాగేసుకోవడం. ఆ వెంటనే అంబర్ తవ్వే గని. అంబర్ అంటే గడ్డకట్టిన చెట్టు బంక, అందులో దోమ చిక్కుకుంటుంది, దాని కడుపులో డైనోసార్ నెత్తురు. గని కనిపించగానే హాలంతా ఒక్కసారి కదిలింది. "బాయి!" అని వెనకాల ఎవరో గట్టిగా అన్నారు. తలకు దీపాలు కట్టుకున్న మనుషుల్ని విదేశీ సినిమాలో చూడడం మా ఊరివాళ్ళకి ఎంత సంతోషమో ఆ గోలలో తెలిసింది.

బ్రాకియోసారస్ కనిపించినప్పుడు బాపు నోరు తెరిచి చూడడం నాకు కళ్ళకు కట్టినట్టుంది. నవలలో ముందు చూసేది అపాటోసారస్ అనే ఇంకో పొడవు మెడ జంతువును. అయితే పేజీ మీద క్రైటన్ దాని మెడ పొడవు, ఎత్తు, అది వేడి నెత్తురుదా కాదా అన్న చర్చ పెడతాడు. సినిమా తీసిన స్పీల్‌బర్గ్ ముందు చూసేవాళ్ళ ముఖాలు చూపిస్తాడు. గ్రాంట్ వణికే చేతులతో కళ్ళజోడు తీయడం, పక్కనున్న తోటి శాస్త్రవేత్త ఎల్లీ తలను పట్టి అటు తిప్పడం, ఆ తర్వాతే జంతువు. జాన్ విలియమ్స్ సంగీతం. మా హాల్లో స్పీకర్లు పాతవి, అయినా ఈలలు వేసే కుర్రాళ్ళు కూడా ఆగిపోయారు. అమ్మమ్మ చెప్పిన మనిషంత బొక్క నడుస్తే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. ఇది నవల నాకివ్వలేదు. ఎంత గొప్ప నవలైనా ఇవ్వలేదు.

తర్వాత వానలో ఆగిన కారు, గ్లాసులో నీళ్ళు. అడుగు చప్పుడుకి నీళ్ళలో వలయాలు. నవలలో ఈ నీళ్ళ గ్లాసు లేదు. అక్కడ కారులో ఉన్న పిల్లాడు టిమ్ చీకట్లో చూసే కళ్ళద్దాలతో చూస్తాడు. తెర మీద నీళ్ళు కదలగానే బాపు నా మణికట్టు పట్టుకున్నాడు. రూఫ్ దిగే ముందు దుంగ సన్నగా కటకటమంటుందని, పైనుంచి ఇసుకంత రాతిపొడి రాలుతుందని, అది చూసి కూడా నిలబడినవాడు టింబర్‌మన్ కాదని ఎన్నోసార్లు చెప్పినవాడు. "వచ్చింది" అన్నాడు మెల్లగా, జంతువు ఇంకా కనిపించకముందే.

ఆ వలయాల కోసం కారు కింద గిటార్ తీగ బిగించి మీటారని చాలా ఏళ్ళకు చదివాను. టి. రెక్స్ అరుపులో పిల్ల ఏనుగు, పులి, మొసలి గొంతులు కలిపాడట గ్యారీ రైడ్‌స్ట్రమ్ అనే శబ్ద కళాకారుడు. రెండు గంటల పైచిలుకు సినిమాలో డైనోసార్లు కనిపించేది సుమారు పావుగంటే. మిగతాదంతా చప్పుడు, ఎదురుచూపు. విని పసిగట్టడం బతుకైన మా ఊరికి ఆ సినిమా అంత నచ్చడానికి అదే కారణమని నా నమ్మకం.

*

తిరిగొచ్చేటప్పుడు దారిపొడవునా నేను తేడాలు చెబుతూనే ఉన్నాను. పుస్తకంలో టిమ్ పెద్దవాడు, కంప్యూటర్ తెలిసినవాడు వాడే, వాడి చెల్లెలు లెక్స్ చిన్నపిల్ల. సినిమాలో తారుమారు చేశారు. పుస్తకంలో జెన్నారో ధైర్యంగా నిలబడి బతుకుతాడు. సినిమాలో పిల్లల్ని వదిలి పారిపోయి ఛస్తాడు. వేటగాడు మల్డూన్ పుస్తకంలో బతుకుతాడు. మాల్కమ్ పుస్తకంలో చనిపోయినట్టే ఉంటుంది (1995లో వచ్చిన రెండో నవలలో క్రైటన్ అతన్ని మళ్ళీ లేపాడు, సినిమాలో మాల్కమ్‌గా వేసిన జెఫ్ గోల్డ్‌బ్లమ్‌ని జనం అంతగా ఇష్టపడ్డాక ఇంకేం చేస్తాడు). తమ్ముడికి విసుగొచ్చింది. బాపు మాత్రం వింటున్నాడు.

"ముసలాయనను మంచోన్ని చేసిండ్రేందే?" అన్నాడు చివరికి.

నాక్కూడా గుచ్చుకున్నది అదే. నవలలో పార్కు యజమాని జాన్ హామండ్ కఠినుడు. మందులు కనిపెడితే ధర మన చేతిలో ఉండదు, వినోదానికైతే ఎంతైనా అడగొచ్చు అని లెక్క వేసుకునే మనిషి. ఇంత జరిగాక కూడా తప్పంతా పనివాళ్ళదే, వచ్చేసారి ఇంకా మంచివాళ్ళని పెట్టుకుంటానని ఆలోచిస్తూ నడుస్తాడు. అప్పుడు కంట్రోల్ రూములో పిల్లలు ఆడుకుంటూ స్పీకర్లలో టి. రెక్స్ అరుపు వేస్తారు. నిజమనుకుని పరిగెత్తి, వాలులో పడి, కాలు మడతపడి, కోడంత చిన్న డైనోసార్ల గుంపు చేతిలో చనిపోతాడు. సినిమాలో రిచర్డ్ అటెన్‌బరో వేసిన హామండ్ వేరు. తెల్ల గడ్డం, తెల్ల బట్టలు, మొట్టమొదట నడిపిన, ఫ్లీ అనే గెంతే చిన్న పురుగుల సర్కస్ జ్ఞాపకం, కరిగిపోతున్న ఐస్‌క్రీమ్ తింటూ బాధపడే తాత. చివరికి హెలికాప్టర్లో చేతికర్రలోని అంబర్ వైపు దిగులుగా చూస్తాడు. మనకు జాలేస్తుంది.

"మంచోడైతె మంచిదే బిడ్డా" అన్నాడు బాపు. "గాని మొదట్ల బోను కాడ ఒకాయన సచ్చిపాయె గదా. ఆయన ముచ్చట మళ్ళ ఎవ్వలన్న తీసిండ్రా?"

కుటుంబం కోర్టుకెక్కిందని లాయరు ఒక్క మాట అంటాడు. బీమా కోసం, తనిఖీ కోసం. ఆ తర్వాత నిజంగానే ఎవరూ తీయలేదు. నేను అన్ని తేడాలు ఏకరువు పెట్టినా ఆ మనిషి నా జాబితాలో లేడు. ఆ రోజు నుంచి ఆ సినిమా ఎప్పుడు చూసినా నాకు మొదట ఆయనే కనిపిస్తాడు. తాతను మంచివాణ్ణి చేయాలంటే ఆయన్ని మరిచిపోక తప్పదు. నవల మరిచిపోనివ్వదు. అందుకే, స్పీల్‌బర్గ్ తెర మీద చూపిన అద్భుతానికి చేతులెత్తి మొక్కుతాను గానీ, ఎవరైనా నవల ఎందుకు ఇంకా, సినిమా ఉంది కదా అంటే ఒప్పుకోను.

*

బాపు రిటైరయ్యాక హైదరాబాద్ తీసుకొచ్చి నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. అక్కడ కోటాసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన అసలు ఎముకలు. జియలాజికల్ సర్వే వాళ్ళు తవ్వి తీసినవి. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరులోనే ఊరు ఉంది.

స్కూలు పిల్లలు దాని తల వైపు గుంపుగా నిలబడి ఫొటోలు దిగుతున్నారు. బాపు పక్క నుంచి నడుచుకుంటూ వెళ్ళి, ఎముకల్ని కాకుండా వాటిని మోస్తున్న ఇనుప ఆధారాల్ని చూడడం మొదలుపెట్టాడు. మెడ కింద ఒకటి, నడుము కింద ఒకటి, తోక పొడవునా ఎక్కడెక్కడ ఉన్నాయో. బరువు ఎటు పడుతోందో చేత్తో గాలిలో గీసి చూసుకున్నాడు. "పెట్టినాయన పని తెలిసినోడే" అన్నాడు. అమ్మమ్మ ఉంటే బాగుండేదని అమ్మ అంది.

*

చివరి ఏళ్ళలో బాపు మనవళ్ళకు ఆ కథ చెప్పేవాడు. అది క్రైటన్ కథా కాదు, స్పీల్‌బర్గ్ కథా కాదు. టి. రెక్స్ అరుపు, గ్లాసులో నీళ్ళు సినిమావి. హామండ్ మాత్రం పుస్తకంలోలాగే చిన్న డైనోసార్ల చేతిలో పోతాడు. గూడు లెక్కపెట్టడానికి నేల కిందికి దిగే ముందు అందరూ బిళ్ళలు ఇచ్చి ల్యాంపులు తీసుకుంటారు. దారిలో దుంగలు బాపే నిలబెడతాడు. బోను దగ్గర పోయిన పనివాడికి ఆయన కథలో భార్య ఉంది, చదువుకునే కూతురుంది, కంపెనీవాళ్ళు వాళ్ళింటికి వెళ్ళి కూర్చోవాల్సి వస్తుంది.

238 దగ్గర ఒక కొత్త మనిషి వచ్చేవాడు. కంప్యూటర్ సరిపోయిందని చెప్పినా నమ్మకుండా, వేలుతో ఒక్కో వరస తడుముతూ లెక్కపెట్టే పెద్దాయన. తెల్లవారుజామున ఆయన ఫోన్ ఎత్తి, పడుకున్న హామండ్‌ను లేపి, "దొరా, నువ్వు చెప్పిన లెక్క తప్పు. యాభై నాలుగు ఎక్కువున్నయి. నేనైతే ఇంటికి పోను, నువ్వు లేసి రా" అంటాడు. ఆ మాట బాపు ఎంత గట్టిగా అనేవాడంటే పక్క క్వార్టర్ కుక్క లేచి మొరిగేది. పిల్లలు అది మళ్ళీ చెప్పమనేవాళ్ళు.